మొద్దుముడి

ముందు ఆ నీళ్ళ సంగతి చెప్పాలి. నోరారా చెప్పుకునే సంగతి కాదు, ముక్కు మూసుకుని చెప్పాల్సిందే. గట్టుకిందిపల్లె మాదిగవాడకు దిగువన ఒక కుంట ఉండేది. ఊరి బర్రెలన్నీ ఎండ ముదిరిందంటే అందులోనే పడేవి. అవి వేసేదేదో అందులోనే వేసేవి. పొద్దు వాలి అవి లేచిపోయాక, బురద అడుక్కి దిగేదాకా కాసేపు ఆగి, వాడ ఆడవాళ్ళు మోకాళ్ళ లోతుకు దిగేవాళ్ళు. పైన తేలే పచ్చటి తెట్టును కడవ అడుగుతో అటూ ఇటూ నెట్టి నీళ్ళు ముంచుకునేవాళ్ళు. ఎండాకాలం వచ్చేసరికి ఆ నీళ్ళు గంజిలా చిక్కబడేవి. పిల్లలు కళ్ళు మూసుకుని తాగేవాళ్ళు. పెద్దవాళ్ళకు ఆ అవసరం కూడా లేదు, అలవాటైపోయింది.

ఊళ్ళో మంచినీళ్ళ బావులు మూడున్నాయి. ఆ మూడింటి గట్టు మీద వాడవాళ్ళ నీడ పడినా తప్పే.

ఆ కుంట నీళ్ళ పుణ్యమే నారికురుపు. తాలూకా దవాఖానాలో కంపౌండరు ఆ మాట మొహం మీదే చెప్పాడు. "గా నీళ్ళల్ల దిగి గా నీళ్ళే తాగినన్ని దినాలు గీ పురుగు మిమ్ముల ఇడువది" అన్నాడు. మరి ఎక్కడి నీళ్ళు తాగాలో అతను చెప్పలేదు. ఆ ఏడు జానయ్య పెళ్ళాం బిక్షమ్మకు కుడి పిక్కలో నారు లేచింది. పొక్కు చిట్లి, తెల్లటి దారంలాంటి పురుగు తల బయట పెట్టింది. దాన్ని గుంజితే తెగుతుంది, తెగితే కాలంతా చీము పట్టి మనిషి మంచాన పడుతుంది. అందుకని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు ఒక్క చుట్టు, మెల్లగా తిప్పాలి. జానయ్య పొద్దున్నే పెళ్ళాం కాలు ఒళ్ళో పెట్టుకుని ఆ చుట్టు తిప్పేవాడు. మొదటి రోజు తిప్పి, ఇంటి వెనక్కు పోయి కక్కుకున్నాడు. బిక్షమ్మ మాత్రం గోడకానుకుని కూర్చుని చింతపండు పిసుకుతూనే ఉంది. ఆమెకది మూడో పురుగు.

జానయ్యకు నలభై దాటాయి. ఎద్దులతో అడవి మొద్దులు లాగించడంలో ఆ చుట్టుపక్కల అతని తర్వాతే ఎవరైనా. దొర ఉండే గడికి దూలాలన్నా, చెరువు తూముకు మానులన్నా అతనికే కబురు వచ్చేది. వెట్టి కాబట్టి కబురే వచ్చేది, కూలి వచ్చేది కాదు. అతని పనితనమంతా ఒక్క ముడిలో ఉండేది. వాడలో దాన్ని మొద్దుముడి అనేవాళ్ళు. తాడును మొద్దు చుట్టూ తిప్పి, కొసను తాడు మీది నుంచే వెనక్కి తెచ్చి, ఆ తాడుకే మూడు నాలుగు మెలికలు చుట్టి వదిలేయడమే. మెలికలు మొద్దుకూ తాడుకూ నడుమ నొక్కుకుపోవాలి. దానికి గట్టి పీటముడి ఎక్కడా ఉండదు. చూసేవాడికి ఇదేం ముడి, చెయ్యి తగిలితే ఊడిపోతుంది అనిపిస్తుంది. ఎద్దులు గుంజేకొద్దీ అది మొద్దును కరుచుకుంటుంది. గుంజడం ఆపితే రెండు వేళ్ళతో విడిపోతుంది. బారు మొద్దయితే ముందు వైపు ఇంకొక మెలి వేస్తే చాలు, వంకర పోకుండా వెంట వస్తుంది. వాడలో మగపిల్లలు గోచి పెట్టడం కంటే ముందు ఆ ముడి నేర్చేవాళ్ళు.

ఆ ఏడు దొర ఊళ్ళోని వెంకటేశ్వరస్వామి గుడికి కొత్త ధ్వజస్తంభం ఎత్తించాలనుకున్నాడు. పాతదాన్ని చెదలు తిన్నాయి. అమ్రాబాదు అడవి నుంచి నలభై అడుగుల నారేప మాను రావాలి. అడవిని కాసే జంగలాతు వాళ్ళ అనుమతి కాగితం దొర తెప్పించాడు. మాను తెప్పించేందుకు జానయ్యను గడికి పిలిచాడు.

"ఏమిరా జానిగా, మాను తెచ్చి ముహూర్తానికి గుడి ముంగట పెట్టాలె. దేవుని పని. ఏం గావాల్నో అడుగు" అన్నాడు దొర. ఆ పూట మంచి ఖుషీలో ఉన్నాడు.

జానయ్య చేతులు కట్టుకుని, చూపు నేల మీద నుంచి లేపకుండా అడిగాడు. "బాంచెను దొరా, వాడ పక్కపొంటి తుంగ మొలిచిన జాగ ఉన్నది గద, గది ఇప్పించుండ్రి. బాయి తవ్వుకుంటం. తవ్వుడు మేమే తవ్వుకుంటం."

ఆ జాగా దొర బంజరు. అందులో గడ్డి కోసినా కొరడా దెబ్బలే. కరణం, పూజారి, పది మంది కాపులు అక్కడే కూర్చుని ఉన్నారు. దొర మీసం దువ్వుకుంటూ అందరి వంకా చూసి, "స్తంభం నిలబడ్డ నాడు జాగ మీదేరా. పో" అన్నాడు.

మాను దించడానికి ఎనిమిది రోజులు పట్టింది. నారేప చేవ అంటే ఇనుమే. నాలుగు జతల ఎద్దులు, ముప్పై మంది మనుషులు. ఘాటు దిగేచోట మాను మనుషుల మీదికి ఉరికింది. వెనక కట్టిన తాడును ఒక బండకు వేసి జానయ్య బిగబట్టాడు. ముడి కరుచుకుంది, మాను ఆగింది. బావమరిది బక్కయ్య అరచేతులు రెండూ తోలు లేచిపోయి నెత్తురు కారుతుంటే నవ్వుతూ, "బావా, గీ నెత్తురు బాయిల ఊటయితదిలే" అన్నాడు. ఎనిమిది రోజులూ వాళ్ళు ఆ బావి గురించే మాట్లాడుకున్నారు. ఎన్ని గజాలకు నీళ్ళు పడతాయి, గిలక పెట్టాలా, మెట్లు కట్టాలా అని. మెట్లు వద్దన్నాడు జానయ్య. కాళ్ళు నీళ్ళలో పడగూడదన్నాడు.

గుడి ప్రహరీ దగ్గర మాను చేరగానే పూజారి దూరం నుంచే చెయ్యెత్తి ఆపాడు. అక్కడి దాకా అది కట్టె. ప్రహరీ దాటితే స్వామివారిది. వాడవాళ్ళు ఇరవై అడుగులు వెనక్కి జరిగారు. మాను మీద పసుపు నీళ్ళు చల్లారు. ఊరి వడ్రంగి వడ్ల దశరథం ఉలులూ బాడిసలూ తెచ్చి దాన్ని చెక్కి నున్నగా చేశాడు. జానయ్య జనుము తాడును ఒకడు కర్రతో ఎత్తి ముళ్ళకంపలో విసిరేశాడు. ఎనిమిది రోజులు దేవుడి మానును లాగిన తాడు అది. గడి నుంచి కొత్త తాళ్ళు వచ్చాయి.

తాళ్ళు వచ్చాయి కానీ ముడి రావాలి కదా. స్తంభం ఎత్తడానికి రెండు వాసాలు కత్తెర వేసి నిలబెట్టారు. మొద్దును మూడొంతుల ఎత్తులో కట్టి, ఆ కత్తెర మీది నుంచి తాడు గుంజాలి. ఏ ముడి వేసినా జారుతోంది, లేకపోతే విప్పరాకుండా బిగిసిపోతోంది. దశరథం మర్యాద తెలిసిన మనిషి. సాయంత్రం ప్రహరీ బయటికి వచ్చి, "జానయ్యా, జర నీ ముడి నేర్పరాదె" అని అడిగాడు.

నేర్పడమంటే మాటలా! ఇద్దరూ ఒక తాడు ముట్టకూడదు. జానయ్య ఒక వేపచెట్టుకు ఇంకో తాడు తెచ్చి కట్టాడు. దశరథం పది అడుగుల అవతల ఇంకో వేపచెట్టుకు తన తాడు కట్టాడు.

"కొసను తాడు మీదికెల్లి తిప్పుండ్రి. అట్ల గాదు అయ్యా, లోపటికి. మెలికలు కట్టెకు తాడుకు నడుమ పడాలె."

"గిట్లనా?"

"ఆఁ, గట్లనే. ఇంకొక మెలిక. ఇగ గుంజుండ్రి."

నాలుగోసారికి దశరథానికి పట్టుబడింది. జానయ్యకు ముచ్చటేసింది. తన ముడి గుడిలోకి పోతోంది, తను పోకపోయినా సరే. అప్పటికి అతనిలో రోత పుట్టలేదు. బావి ఒక్కటే కళ్ళల్లో ఉంది.

ముహూర్తం పొద్దున పూట. జానయ్య ప్రహరీ బయట రాళ్ళ కుప్పెక్కి, గోడ మీది నుంచి మెడ సాచి చూశాడు. 

స్తంభానికి అభిషేకం చేశారు. నువ్వుల నూనె, నెయ్యి, పాలు, పెరుగు, తేనె కడవల కొద్దీ పోశారు. మొదలు నుంచి కొస దాకా ఆ నున్నటి నారేప జిడ్డోడుతోంది. పెరుగు తరకలు కట్టి జారుతోంది. ఈగలు ముసురుకున్నాయి. వాడలో పసిపిల్లలకు చుక్క పాలు లేవు, ఇక్కడ కట్టె మీది నుంచి పాలు మడుగు కట్టి మట్టిలోకి పోతున్నాయి. ఆ జిడ్డు మీదే దశరథం మొద్దుముడి వేస్తున్నాడు. చక్కగానే వేశాడు, ఎక్కడా తప్పు లేదు. కానీ ఆ ముడికి పట్టు కట్టె గరుకులోనే ఉంటుంది. కట్టెకు నూనె పూస్తే అది దేన్ని కరవాలి?

"అయ్యా, నూనె తుడువుండ్రి! ముడి జారుతది! తుడిచి కట్టుండ్రి!" అని అరిచాడు.

దశరథం తలెత్తాడు. అతనికీ అదే అనుమానం. భుజం మీది తువ్వాలు తీసి కట్టె తుడవబోయాడు. పూజారి గయ్యిమన్నాడు.

"స్వామికి పోసింది తుడుస్తావా? ఎవరు చెప్పారు నీకు? గోడ అవతల నుంచి మాదిగవాడు ఆగమం చెబుతుంటే వింటావా?"

దశరథం తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. గడిలో బంట్రోతు పని చేసే సుంకరి బయటికొచ్చి జానయ్యను కర్రతో అదిలించాడు. జానయ్య కుప్ప దిగి, సుంకరి పోగానే మళ్ళీ ఎక్కాడు.

గోవిందా అంటూ నలభై మంది కాపులు తాడు గుంజారు. స్తంభం లేచింది. వంగి ఉన్నంతసేపు బాగానే లేచింది. సగానికి వచ్చాక బరువు ముడి మీద నిలువునా పడింది. ముడి జిడ్డులో ఒక వేలెడు జారింది. తర్వాత ఇంకో వేలెడు. ఊతకర్రలు పట్టుకున్నవాళ్ళు స్తంభం కిందే ఉన్నారు. గుంత దగ్గర పూజారి హారతి పళ్ళెంతో నిలబడి ఉన్నాడు. దొర తమ్ముడు ఒక ఊతకర్రకు భుజం ఆనించి ఉన్నాడు. ఎవరూ పక్కకు తప్పుకునే వీలు లేదు. ఒక్కడు వదిలితే నలభై అడుగుల నారేప అందరి నడుములూ విరుస్తుంది. కేకలు లేచాయి.

"జానయ్యా! జానయ్యా, రా! లోపటికి రా!"

అరిచింది దొర. బుద్ధెరిగాక దొర నోట తన పేరు పూర్తిగా వినడం జానయ్యకు అదే మొదలు. పూజారి కూడా అరిచాడు. "రా నాయనా, ఆపదకు అంటు లేదు, రా!"

జానయ్య ఆలోచించలేదు. స్తంభం పడితే బావి పడుతుందన్న ఒక్క తలపే మెదిలింది. ముళ్ళకంపలోంచి తన తాడు లాక్కుని, గోడ దూకాడు. గోనెసంచి ఒకటి చించి నడుముకు చుట్టుకున్నాడు. వాలి ఉన్న స్తంభం మీదికి పొట్ట ఆనించి పాకాడు. నెయ్యి, పులిసిన పెరుగు, తేనెకు పట్టిన చీమలు అన్నీ ఛాతీకీ మొహానికీ అంటుకున్నాయి. రెండడుగులు పాకితే అడుగు జారాడు. ఈగలు నోట్లోకి వస్తుంటే ఊసే వీల్లేక పళ్ళు బిగించాడు. ముడి దగ్గరికి చేరి, తలగుడ్డతో కట్టెను తుడిచాడు. గోనె చుట్టాడు. దాని మీద తన తాడు వేసి ఐదు మెలికలు తిప్పాడు, పైన ఇంకో మెలి వేశాడు. కొసను కత్తెర మీది నుంచి కిందికి వదిలి, "ఇగ గుంజుండ్రి" అని జారి దిగాడు.

గోనెను తాడు కరుచుకుంది. స్తంభం లేచి గుంతలో నిటారుగా నిలబడింది. ఊరంతా గోవిందా అన్నది. జానయ్య వంక మాత్రం ఎవరూ చూడలేదు. అతను గేటు నుంచి బయటికి వస్తుంటే జనం ఇటూ అటూ బారెడు దూరం తప్పుకున్నారు. గుంపులో ఒక ఆడమనిషి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ముక్కు మూసుకున్నది వాళ్ళు పోసిన పెరుగు కంపుకే.

మర్నాడు పొద్దున జాగా గీయిస్తారనుకుని గడికి పోయాడు జానయ్య. వాడలో పదిమంది పారలు కూడా తీసి పెట్టుకున్నారు. గడి ముందు దొర కుర్చీలో ఉన్నాడు. పూజారి అరుగు మీద తమలపాకులు నములుతున్నాడు. జానయ్యను చూడగానే ఉత్తరీయం సర్దుకుని దూరం జరిగాడు.

"జానిగా" అన్నాడు దొర. పేరు మళ్ళీ పొట్టిదైంది. "స్తంభం దించాలె."

జానయ్యకు అర్థం కాలేదు. "నిలబడ్డది గద దొరా."

పూజారి అందుకున్నాడు. "నిలబడితే సరా? స్వామికి ఎదురుగా మాదిగవాడు పొట్టతో పాకిన కట్టె నిలబడి ఉంది. స్వామి చూపు నేరుగా దాని మీదే పడుతుంది. ఇక నైవేద్యం ఎట్లా పెట్టమంటావు? నిన్నటి నుంచి గుడి మూసే ఉంది. ఇరవై రోజుల్లో జాతర."

"నువ్వే దించు. అడివికెల్లి ఇంకోటి తే. అది నిలబడ్డంక జాగ సంగతి జూద్దాం" అన్నాడు దొర.

"నిన్న ఆపదకు అంటు లేదన్నరు గద సామీ?"

"ఆపద తీరింది కదా" అన్నాడు పూజారి. మొహంలో కొంచెం కూడా సిగ్గు లేదు.

"మల్ల దించుతందుకు నేను లోపటికి రావాలె గద. అప్పుడు అంటుగాదా?"

"మైలపడ్డ చోటికి నువ్వొస్తే కొత్తగా వచ్చే దోషం లేదు. శాస్త్రంలోనే ఉంది."

పూజారి పక్కకు తిరిగి ఎర్రగా ఉమ్మేసి, మూతి తుడుచుకున్నాడు. ఆ నోటిని చూస్తే జానయ్యకు కుంట గుర్తొచ్చింది. అందులో బర్రె వేసేది వేస్తుంది, ముంచుకునేవాడు ముంచుకుంటాడు.  నిన్న నోట్లో దూరిన ఈగల రుచి ఇప్పుడు తెలిసింది. దొరకు దండం పెట్టకుండానే వెనక్కి తిరిగాడు. ముప్పై ఏళ్ళలో దండం మరచిపోవడం అదే మొదలు, సుంకరి కూడా నోరు తెరిచి చూశాడు.

ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డాడు. "నేను ముట్ట. సచ్చినా ముట్ట. ఛీ, మనుషులా వాళ్ళు! పానం మీదికొస్తే నాయినా అన్నరు. పానం దక్కినంక మైల అంటున్నరు. గా కట్టెను జూస్తెనే నాకు కక్కొస్తాంది. పోతె పోనీ బాయి."

బిక్షమ్మ కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆ పూట చుట్టు తిప్పడం అతను మరచిపోయి గడికి పోయాడు, ఆమె తనే తిప్పుకుంది. అంతా విన్నది. జాలి పడలేదు.

"నీ రోత కడవ నింపుతదా?" అన్నది.

"ఏం జెయ్యమంటవ్ మరి?"

"నీకు నిన్నొక్కనాడు రోతయింది. నేను దినాం గా కుంటల దిగుతున్న. నన్నెవ్వలు అడిగిన్రు నీకు రోతయితాందా అని? జర బుర్రతోని ఆలోచించు. గా కట్టె మైలపడ్డది అన్నరు గద. ఇగ దాన్ని ఊళ్ళె ముట్టేటోడెవ్వడు? కాపోళ్ళు ముట్టరు, వడ్లోళ్ళు ముట్టరు. బాపనాయన అసలే ముట్టడు. గుడి మూసుకోని, దేవుణ్ణి ఎండవెట్టి నీ మొకం జూసుకుంట కూసోవాలె అందరు. పో. దించుత గని నీళ్ళు పడ్డంకనే అని చెప్పు."

"జాగ ఇస్తె..."

"జాగ కాదు. జాగ ఇచ్చి మల్ల గుంజుకుంటరు. నీళ్ళు. కడవల నీళ్ళు పడ్డంకనే."

జానయ్య తలగుడ్డ చుట్టుకున్నాడు. లేచి గడికి పోయాడు.

దొర విని పెద్దగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి కొరడా తెమ్మన్నాడు. జానయ్య చేతులు కట్టుకునే చెప్పాడు. "కొట్టుండ్రి దొరా. చెయ్యిరిగితే ముడెవ్వలు ఎయ్యాల్నో మీరే జెప్పుండ్రి."

దొర వాడలోని మగవాళ్ళందర్నీ పిలిపించాడు. బక్కయ్యను అడిగితే, "మాకు రాదు బాంచెను" అన్నాడు. పెద్దులును అడిగితే, "గది జానయ్యకే వస్తది దొరా" అన్నాడు. ఎనిమిది రోజులు అదే ముడితో మాను లాగిన ముప్పై మందీ, ఒకడి తర్వాత ఒకడు, తల గోక్కుంటూ మాకు రాదు, మాకు రాదు అన్నారు. దొరకు తెలుసు వాళ్ళు అబద్ధం ఆడుతున్నారని. వాళ్ళకూ తెలుసు దొరకు తెలుసని. ముప్పై మందినీ కొట్టించవచ్చు, కొట్టిస్తే ఆ పొద్దు గడుస్తుంది. స్తంభం మాత్రం అక్కడే ఉంటుంది. పక్క ఊళ్ళలో అప్పుడే నవ్వుకుంటున్నారు, గట్టుకిందిపల్లె దేవుడికి మాదిగస్తంభమట అని. కొరడాను అరుగు మీద పడేసి, "తవ్వుకోండ్రి" అన్నాడు దొర. పళ్ళు కొరికిన చప్పుడు జానయ్యకు వినబడింది.

ఇక ఆ పద్నాలుగు రోజులు చూడాలి! ఎప్పుడూ వాడ వైపు కన్నెత్తి చూడని దొర రోజూ గుర్రమెక్కి వచ్చి, దూరం నుంచే "తడి వచ్చిందా?" అని అడిగేవాడు. నాలుగు గజాల కింద బండ తగిలితే గడి నుంచి బండలు కొట్టే ఒడ్డెరవాళ్ళను పంపాడు, గడ్డపారలు పంపాడు. పూజారి గట్టెక్కి, ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, ఈశాన్యం మూల ఇంకా తవ్వమని కేకవేశాడు. మాదిగల బావిలో నీళ్ళు పడాలని గుడి లోపలి దేవుడికి మొక్కుకున్న పూజారి ఇంకెక్కడా ఉండి ఉండడు. బిక్షమ్మ కుంటుకుంటూ వచ్చి మన్ను గంపలు అందించింది. ఎవరు వద్దన్నా వినలేదు.

పద్నాలుగో రోజు బండ పగిలి ఊట చిమ్మింది. మొదట బురద, సాయంత్రానికి తేట. పగ్గం కట్టి బిక్షమ్మ మొదటి కడవ చేదింది. వాడంతా చుట్టూ నిలబడి చూస్తుంటే దోసిలి పట్టి తాగింది. తాగి, దోసిట్లో మిగిలిన చుక్కల్ని వాసన చూసింది. "వాసన లేదు" అన్నది చివరికి. ఆ మాటకు పక్కన నిలబడ్డ ముసలి గుర్వమ్మ ఏడ్చేసింది.

బక్కయ్య జానయ్య చెయ్యి పట్టుకున్నాడు. "పోకు బావా. నీళ్ళు పడ్డయి గద, ఇగ వాళ్ళేం పీకుతరు?"

"మాటిచ్చిన" అన్నాడు జానయ్య. "ఆపద తీరింది గదా అని మనం గూడ అంటె, గా బాపనాయనకు మనకు తేడా ఏమున్నదిరా?"

మర్నాడు తాడు భుజాన వేసుకుని, బక్కయ్యనూ పెద్దులునూ ఇంకో ఇరవై మందినీ వెంటబెట్టుకుని గుడికి పోయాడు. గేటు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. దొర, పూజారి, కాపులు అందరూ వీధి అవతల ముక్కులు మూసుకుని నిలబడ్డారు. పదిహేను రోజుల ఎండకు స్తంభం మీది నెయ్యీ పెరుగూ నల్లగా మాడి, తేనె జిగురు కట్టి, చీమలు చచ్చి అతుక్కుని ఉన్నాయి. కుళ్ళిన వాసన. నైవేద్యం లేక, దీపం లేక, గుడి తలుపుల సందుల్లోంచి గబ్బిలాల కంపు వస్తోంది. జానయ్య తాటిచెట్టెక్కినట్టు కాళ్ళకు బంధం వేసుకుని ఎక్కాడు. చేతులు పెట్టినచోటల్లా జిగురు సాగింది. రెండుసార్లు ఓకరింత వచ్చింది, మింగాడు. ముడి వేశాడు. కింద గుంత తవ్వి వదులు చేశారు. తాడు మెల్లగా వదులుతూ, ఒక్క ఇటుక కూడా రాలకుండా స్తంభాన్ని నేల మీద పడుకోబెట్టారు. తాడు వదులు కాగానే మొద్దుముడిని రెండు వేళ్ళతో విప్పి, చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు.

వీధి అవతల నుంచి దొర కేక వేశాడు. "జానిగా, ఇంకో మాను ఎప్పుడు తెస్తవ్?"

జానయ్య నిలబడ్డాడు. "అడివి ఆడనే ఉన్నది దొరా. ముడి దశరథమయ్యకు నేర్పిన. మీరే పోయి తెచ్చుకోండ్రి. మీ చేతులతోనే తెచ్చుకుంటె ఏ అంటూ ఉండది."

 దొర చెయ్యి గాలిలో లేచి, ఎక్కడ దించాలో తెలియనట్టు మళ్ళీ కుర్తా జేబు మీదికి వచ్చింది. జానయ్య ఆ చెయ్యి వంక చూడలేదు. వాడ దారి పట్టాడు.

మధ్యాహ్నపు ఎండ. బావి గట్టు మీద బిక్షమ్మ అప్పుడే కడవ చేది పెట్టింది. జానయ్యకు నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. నేరుగా వచ్చి కడవ మీదికి వంగబోయాడు.

"ఆగు" అన్నది బిక్షమ్మ. కడవను వెనక్కి లాక్కుంది. "ముట్టకు. అవుతల నిలబడు."

జానయ్య తెల్లబోయి చూశాడు.

"గుళ్ళెకెల్లి వచ్చినవు. ముందుగాల చేతులు కడుక్కో."

ఒక గిన్నె ముంచి, ఎత్తు నుంచి నీళ్ళు పోసింది. జానయ్య గట్టుకు దూరంగా జరిగి, పొయ్యి బూడిద తెచ్చుకుని, మోచేతుల దాకా మూడుసార్లు తోముకున్నాడు. మూడోసారి ఆమె చేతులు వాసన చూసి, అప్పుడు కడవ వంచింది.